ఫ్రిజ్‌లో పెరుగు గడ్డకడుతుంటే

అమ్మాయీ,

మావయ్య ఆశీస్సులు. కింది అరలో పెరుగు ఐసు పలుకులు కడుతోందని, గోంగూర నల్లబడి నీరు కారుతోందని, రెండు గుడ్లు పగిలాయని రాశావు. ఎవరైనా వచ్చి "గ్యాస్ నింపాలమ్మా" అంటే ఒప్పుకోకు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది గానీ పెరగదు. నీ సింగిల్ డోర్ ఫ్రిజ్ చల్లబరిచే పని బాగానే చేస్తోంది, ఆగడమే మానేసింది. ఎందుకు ఆగట్లేదో పట్టుకుంటే చాలు.

ముందు చల్లదనం సరిచేసే నాబ్ చూడు. మన బెజవాడలో మే నెల ఎండలు 43, 44 దాటితే అందరం దాన్ని 7కి తిప్పేస్తాం. వానలు పడ్డాక వెనక్కి తిప్పాలన్న సంగతి గుర్తుండదు. ఆ అంకెలు డిగ్రీలు కావు, అంకె పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుందని అర్థం. 3కి తగ్గించి, గ్లాసు నీళ్ళలో థర్మామీటరు వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచు. జ్వరం చూసేది పనికిరాదు, సున్నా కిందకి కూడా చూపించేది కావాలి. తలుపు తీస్తే గాలి వేడి వెంటనే మారిపోతుంది, నీళ్ళది అంత తొందరగా మారదు, అందుకే గ్లాసు. పొద్దున 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే సరిపోయినట్టే. నాబ్ కదిపిన ప్రతిసారీ ఒక రోజు ఆగి చూడాలి, గంటకోసారి తిప్పితే ఏమీ తేలదు.

ఫ్రీజర్ కింద ఉండే చిల్లర్ ట్రేకి జరిపే మూత ఉంటే అది పూర్తిగా తెరిచి ఉందేమో చూడు. తెరిచి ఉంటే చలి నేరుగా కింది అరల మీదకి దిగుతుంది. తలుపు రబ్బరు సంగతి కూడా చూసేయ్: పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగు, నాలుగు వైపులా బిగువుగా రావాలి. వదులుగా వస్తే బయటి గాలి లోపలికి పోతూ కంప్రెసర్‌ని, అంటే చల్లబరిచే మోటారుని, ఆగనివ్వదు, ఫ్రీజర్ చుట్టూ మంచు పేరుకుంటుంది. ముందు సబ్బు నీళ్ళతో తుడిచి చూడు, చాలాసార్లు మురికే కారణం.

ఇవన్నీ బాగున్నా గడ్డకడుతుంటే అనుమానం థర్మోస్టాట్ మీదే. సింగిల్ డోర్‌లో తగినంత చల్లబడ్డాక కంప్రెసర్‌ని ఆపేది అదే. నాబ్‌ని 0కి తిప్పు. "టక్"మని కంప్రెసర్ ఆగాలి. ఆగకపోతే లోపలి పాయింట్లు అతుక్కుపోయాయి, దాన్ని మార్చడమే. 0 దగ్గర ఆగుతోంది గానీ మిగతా అంకెల మీద గంటల తరబడి ఆగట్లేదంటే దాని తోక చూడాలి. థర్మోస్టాట్ నుంచి సన్నటి రాగి గొట్టం బయల్దేరి ఫ్రీజర్ గోడకి క్లిప్పుతో అంటుకుని ఉంటుంది. ఫ్రీజర్ ఎంత చల్లబడిందో దానికి తెలిసేది ఆ గొట్టం చివరి జానెడు వల్లే. క్లిప్పు ఊడి గొట్టం గాలిలో వేలాడుతుంటే ఫ్రీజర్ ఇంకా వెచ్చగానే ఉందనుకుని నడిపిస్తూనే ఉంటుంది. మంచు కరిగించేటప్పుడు చాకుతో గీకడం వల్ల ఇది తరచూ జరుగుతుంది. చాకు అసలు ముట్టుకోకు. ఫ్రీజర్ అల్యూమినియం రేకు పలచన, చిల్లు పడితే గ్యాస్ పోతుంది. వెనక స్టిక్కరు మీద ఆర్600ఏ అని ఉంటే అది మండే గ్యాస్ కూడా.

గొట్టాన్ని మళ్ళీ బిగించాలంటే ముందు ప్లగ్గు తీసెయ్యి, మంచు అంతా కరగనివ్వు, గోడ పొడిగా తుడిచి చివర్ని గట్టిగా ఆనేట్టు క్లిప్పు వెయ్యి. మడత మాత్రం పడనీయకు. గొట్టం విరిగి లోపలి వాయువు పోతే ఇప్పుడు జరుగుతున్నదానికి పూర్తిగా ఎదురు జరుగుతుంది: కంప్రెసర్ అసలు మొదలే కాదు.

థర్మోస్టాట్ విప్పి పరీక్షించాలనిపిస్తే, ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే ఊడదీయి. మల్టీమీటరు (కరెంటుకి దారి ఉందో లేదో చెప్పే మీటరు) బీప్ మీద పెట్టు. నాబ్ 1 మీద, గది వేడిలో బీప్ రావాలి. తర్వాత గొట్టం చివరని ఉప్పు కలిపిన ఐసులో ముంచు, మూడు పాళ్ళు దంచిన ఐసుకి ఒక పాలు ఉప్పు. ఉత్త ఐసు చాలదు, ఎందుకంటే థర్మోస్టాట్ సున్నాకి బాగా కిందకి వెళ్ళాకే ఆగుతుంది. కొద్ది నిమిషాల్లో టక్‌మని బీప్ పోవాలి. పోకపోతే పాతదాన్నే చేతిలో పట్టుకుని గవర్నరుపేట విడిభాగాల దుకాణానికి వెళ్ళు. దాని మీద అచ్చేసిన నంబరు, పిన్నులు, గొట్టం పొడవు మూడూ కలవాలి. గొట్టం పొట్టిదైతే ఫ్రీజర్‌దాకా అందదు.

మీ అత్తగారి డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీకి (మంచు పేరుకోని రకానికి) ఈ పద్ధతి వర్తించదు. అందులో ఫ్రీజర్ నుంచి చల్లగాలి డాంపర్ అనే చిన్న తలుపు గుండా కిందకి వస్తుంది. ఆ రంధ్రాల ముందు కూరగాయలు ఆనిస్తే అవే ముందు గడ్డకడతాయి, నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచమను. డాంపర్ మంచుతో తెరుచుకునే బిగుసుకుంటే ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలెయ్యాలి. వారంలోపే మళ్ళీ మొదలైతే డాంపర్ మార్చాలి. చల్లదనం కొలిచే సెన్సార్ మీద అనుమానమైతే, ఐసు నీళ్ళలో ఉంచినప్పుడు మీటరు మీద దాని ఓములు పెరగాలి: 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు చూపే రకం, సున్నా దగ్గర సుమారు 30 చూపాలి. పెరగలేదంటే కంప్రెసర్‌ని నడిపే బోర్డుకి ఎప్పుడూ వెచ్చగా ఉన్నట్టే కబురు వెళ్తుంది, అందుకే ఆపదు.

బిగించాక వెంటనే స్విచ్చి వేసి తీసి చేయకు, ఆపిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆగు. నాబ్ 3 మీద పెట్టి, మళ్ళీ గ్లాసు నీళ్ళు ఉంచి, 4 డిగ్రీలు చూపించిన రోజున పెరుగు కింది అరలో పెట్టుకో.

మీ మావయ్య