బొమ్మ పక్కన పెట్టు, ప్రోటాన్ల వెంట పడు

అమ్మలూ,

ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియ జరిగే క్లోరోప్లాస్ట్‌లో ఏటీపీ (కణం శక్తి కోసం వాడుకునే అణువు) తయారయ్యే పాఠం నాలుగుసార్లు చదివినా తలకెక్కడం లేదని రాశావు. ఎలా ఎక్కుతుంది, ఎలక్ట్రాన్ల దారి చూపే జెడ్ ఆకారం బొమ్మలోని పేర్లన్నీ వరసగా బట్టీ పడుతుంటే! చదువుకునే రోజుల్లో నేనూ అదే చేసి, పరీక్షలో సైటోక్రోమ్ దగ్గర ఆగిపోయి పెన్ను నములుతూ కూర్చున్నాను. పేర్లు తర్వాత చూసుకోవచ్చు, ముందు ప్రోటాన్లు ఎటు పోతున్నాయో చూడు.

క్లోరోప్లాస్ట్ లోపలుండే థైలకాయిడ్‌ని ఒక చిన్న సంచి అనుకో. వెలుగు పడగానే, దాని పొరలో వెలుగును పట్టుకునే ఫోటోసిస్టమ్ 2 నుంచి ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది, ఆ లోటు తీర్చడానికి నీరు విడిపోతుంది, దాని ప్రోటాన్లు సంచి లోపలే ఉండిపోతాయి. ఎలక్ట్రాన్లు ప్లాస్టోక్వినోన్ అనే వాహకం మీదుగా సైటోక్రోమ్ బి6ఎఫ్ అనే ప్రోటీన్ల గుంపును దాటేటప్పుడు స్ట్రోమా, అంటే సంచి బయటి ద్రవం నుంచి ఇంకొన్ని ప్రోటాన్లు లోపలికొస్తాయి. ఒక ఆక్సిజన్ అణువు వెలువడేసరికి నీటి నుంచి 4, ఇక్కడ 8, మొత్తం 12. లోపల కిక్కిరిసిన ఈ ప్రోటాన్లు బయటపడాలంటే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమే దారి, అవి వెళ్తుంటే అది గిర్రున తిరుగుతుంది (పోలిక కాదు, నిజంగానే తిరుగుతుంది), ఆ తిరుగుడుతోనే ఏడీపీ, ఫాస్ఫేట్ కలిసి ఏటీపీగా బయటికొస్తాయి.

వెలుగే నేరుగా ఏటీపీని చేస్తుందని నువ్వు రాసిన వాక్యం కొట్టెయ్. 1966లో జాగెన్‌డార్ఫ్, యురైబ్ అనే శాస్త్రవేత్తలు థైలకాయిడ్లను చీకట్లోనే పీహెచ్ 4 ద్రావణంలో నానబెట్టి, ఏడీపీ, ఫాస్ఫేట్ ఉన్న పీహెచ్ 8 ద్రావణంలోకి మార్చారు. వెలుగు లేకుండానే ఏటీపీ వచ్చింది! అంటే కావలసింది లోపలికీ బయటికీ ప్రోటాన్ల తేడా. వెలుగు పని ఆ తేడాను తయారు చేయడమే. పీటర్ మిచెల్ అనే శాస్త్రవేత్త 1961లోనే ఈ మాట అంటే చాలామంది నమ్మలేదు, ఆయనకి 1978లో నోబెల్ వచ్చింది.

ఇక చక్రీయ మార్గం ఎందుకో అర్థం కాలేదన్నావు కదా, లెక్క వెయ్. పాలకూరలోని ఏటీపీ సింథేజ్ ఒక చుట్టు తిరగాలంటే 14 ప్రోటాన్లు కావాలి, చుట్టుకి 3 ఏటీపీలు. నీ దగ్గర 12 ప్రోటాన్లే ఉన్నాయి, సుమారు 2.6 ఏటీపీలు, వాటితోపాటు 2 ఎన్ఏడీపీహెచ్‌లు (ఆ ఎలక్ట్రాన్లను చివరికి మోసుకెళ్ళే అణువులు). కార్బన్ డయాక్సైడ్ నుంచి చక్కెర చేసే కాల్విన్ చక్రానికేమో 2 ఎన్ఏడీపీహెచ్‌లకి 3 ఏటీపీలు పడాలి. ఆ తక్కువైనది పూడ్చడానికి సైటోక్రోమ్ తర్వాత వెలుగును పట్టుకునే ఫోటోసిస్టమ్ 1 ఎలక్ట్రాన్లు మళ్ళీ వెనక్కి తిరిగి ప్రోటాన్లను తోస్తాయి, ఎన్ఏడీపీహెచ్ మాత్రం పుట్టదు.

ఈ రాత్రి పుస్తకం మూసి, సంచి గీసి, పేర్లు లేకుండా ప్రోటాన్లకి మాత్రమే బాణాలు పెట్టి నాకు ఫోటో పంపు. రంగు పెన్నులు అక్కర్లేదు.

మీ పెదనాన్న