ఏపీలో పెద్ద నగరాల వరుస: తిరుపతి ముందా, కడప ముందా?

ఏపీ నగరాలు జనాభా ప్రకారం ఏ వరుసలో ఉంటాయి, ఒక చోట కడప తిరుపతికన్నా పైన, ఇంకో చోట కింద ఎందుకు ఉంటోంది అని కదా మీరు అడిగింది. రెండూ కరెక్టేనండి. ఒకటి కార్పొరేషన్ హద్దు లోపలి జనం లెక్క, రెండోది ఊరికి అతుక్కుపోయిన చుట్టుపక్కల ఊళ్ళని కూడా కలిపిన లెక్క, దాన్నే అర్బన్ అగ్లోమరేషన్ (యూఏ) అంటారు.

నాకిది 2011 ఫిబ్రవరిలో కానూరులో జనాభా లెక్కల డ్యూటీ పడినప్పుడు బాగా అర్థమైంది. బందరు రోడ్డు మీద పటమట దాటి వస్తుంటే విజయవాడ ఎక్కడ అయిపోయిందో కానూరు ఎక్కడ మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలీదు, కానీ అప్పట్లో అది పంచాయతీ. ఒకావిడ ఫారం మీద ఊరి పేరు చూసి "అదేంటి మాస్టారూ, మాది బెజవాడే కదా, మా ఆయన పని ఆటోనగర్‌లో, పిల్లల చదువు పటమటలో, మమ్మల్ని పల్లెటూళ్ళో రాస్తున్నారేంటి" అంది, పైగా లోపలికెళ్ళి ఇంటిపన్ను రసీదు తెచ్చింది, తీరా చూస్తే దానిమీదా పంచాయతీ ముద్రే. పాపం ఆవిడ మొహం చిన్నబోయింది. పంచాయతీ అయినా 5 వేల జనం దాటి, చదరపు కిలోమీటరుకి కనీసం 400 మంది ఉండి, పనిచేసే మగవాళ్ళలో కనీసం ముప్పావు వంతు వ్యవసాయం కాని పనుల్లో ఉంటే సెన్సస్‌లో అది టౌనేనమ్మా, మిమ్మల్ని విజయవాడతో కలిపే చూస్తారు అని చెప్పాను.

అందుకే విజయవాడ కార్పొరేషన్ వరకే అయితే 10 లక్షలు దాటి ఆగుతుంది, చుట్టుపక్కలవి కలిపితే దాదాపు 14.8 లక్షలు. ఆ నాలుగు లక్షల పైచిలుకు మందిని వదిలేసి ఇదీ విజయవాడ అనడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది, రోజూ ఊళ్ళో తిరిగేది వాళ్ళే కదా. విశాఖకి ఈ గొడవ దాదాపు లేదు, 2005లోనే గాజువాకని, 32 ఊళ్ళని కలిపేసి గ్రేటర్ విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) చేశారు కాబట్టి ఎలా చూసినా 17.3 లక్షలే వస్తుంది.

2011 యూఏ లెక్కలో వరుస చెప్పాలంటే విశాఖ, విజయవాడ, తర్వాత గుంటూరు 6.7 లక్షలు, నెల్లూరు 5.6, ఆ తర్వాత కర్నూలు, రాజమండ్రి రెండూ 4.8కి అటూ ఇటూ, తిరుపతి 4.6, కాకినాడ 4.4, ఆ వెనక కడప, అనంతపురం. రాజ్యాంగం ప్రకారం మెట్రోపాలిటన్ అనాలంటే 10 లక్షలు ఉండాలి, అంటే పై రెండే.

ఇక మీ అసలు డౌటు. కార్పొరేషన్ హద్దులో కడప 3.4 లక్షలు, తిరుపతి 2.9 లక్షల లోపే. కానీ తిరుపతిని ఆనుకుని తిరుచానూరు, అవిలాల, మంగళం లాంటివి ఉన్నాయి, అవి కలవగానే కడపని దాటేస్తుంది. కడపకి అలా కలవడానికి పక్కన ఏమీ లేవు.

2021లో లెక్కలు జరగలేదు, 2027 లెక్కలు వచ్చేదాకా 2011వే దిక్కు. ఈలోపు కానూరు, పోరంకి, యనమలకుదురు, తాడిగడప కలిపి వేరే మున్సిపాలిటీ చేశారు, కాబట్టి కొత్త పట్టిక వచ్చాక ఊరి పేరు పక్కన యూఏ అని ఉందో లేదో చూసుకుని పోల్చండి.