బఫింగ్ పొడిని అల్ట్రాసోనిక్ బాత్‌లో పెడితే మళ్లీ ట్రెడ్ రబ్బరులో కలుస్తుందా?

మిర్యాలగూడలో రీట్రెడింగ్ షాపు నడిపే అన్న అడిగిన ప్రశ్న: లారీ టైర్లు గీకగా వచ్చే బఫింగ్ పొడిని 40 కిలోహెర్ట్జ్ క్లీనింగ్ బాత్‌లో రెండు గంటలు పెడితే అణువులు వదులై మెత్తబడుతుందా?

మెత్తబడదు. పొడికి అంటిన దుమ్ము వదలడానికి బాత్ పనికొస్తుంది, అంతవరకే. అందులో మన బోరు నీళ్లు పోయకండి. అడుగున ఉప్పు పేరుకుంటే కంపనం నీళ్లలోకి ఎక్కదు. ఫిల్టరు నీళ్లు పోసి, పొడి వేయకముందు పది నిమిషాలు ఖాళీగా నడిపిస్తే నీళ్లలో గాలి పోతుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను ఒక నిమిషం ముంచి తీయండి, సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే బాత్ పనిచేస్తున్నట్టే. కానీ ఆ బుడగలు పగిలేది నీళ్లలో. రబ్బరు గొలుసులను కలిపి కట్టే గంధకం ముడులు (వంతెనలు) ఉండేదేమో రేణువు లోపల.

ఆ ముడులను విప్పే పద్ధతి వేరు. 1990లలో అమెరికాలోని ఏక్రన్ విశ్వవిద్యాలయంలో ఐసాయెవ్ బృందం దాన్ని బాగా పరిశోధించింది. ఎక్స్‌ట్రూడర్ (రబ్బరును నెట్టి మూతి గుండా బయటకు తీసే యంత్రం) మూతి దగ్గర 20 కిలోహెర్ట్జ్ హార్న్ (కంపనాన్ని రబ్బరుకు అందించే లోహపు కడ్డీ) ఉంటుంది. హార్న్‌కూ డైకీ మధ్య సందు ఒకటి రెండు మిల్లీమీటర్లు, వేడి 120 డిగ్రీల దరిదాపుల్లో. హార్న్ ముఖం ఊగేది 5 నుంచి 10 మైక్రాన్లే, రబ్బరు ఆ సందులో ఉండేది సెకన్లే. వేడి, ఒత్తిడి, కంపనం మూడూ ఒక్కచోట కలిస్తేనే రబ్బరు లోపలి సన్నని ఖాళీలు ఉబ్బుతూ కుంగుతూ చుట్టూ ఉన్న గొలుసులను లాగి తెంపుతాయి.

తెగాక లోపల మూడు రకాల సరుకు మిగులుతుంది. ఇంకా ముడిపడి ఉన్న వల జెల్, పూర్తిగా విడిపోయిన గొలుసులు సోల్, ఒక కొస కట్టేసి రెండో కొస వేలాడేవి తోకలు. అణువుల కదలికను కొలిచే ఎన్ఎంఆర్ పరీక్షలో టీ2 అనే సమయం జెల్‌కు పొట్టిగా, విడి గొలుసులకు పొడుగ్గా వస్తుంది. కదలిక పెరిగిందని చెప్పేది దీన్ని చూసే. ఇక్కడే చాలామంది పొరబడతారు: గంధకం వంతెన తెగినా కదలిక పెరుగుతుంది, అసలు గొలుసే తెగినా పెరుగుతుంది. గొలుసులోని కార్బన్ బంధానికి మోలుకు సుమారు 350 కిలోజౌళ్లు, గంధకం-గంధకం బంధానికి 270 వరకు. తేడా ఉంది గానీ, గంధకాన్నే ఏరి తెంపాలని అల్ట్రాసౌండ్‌కు తెలియదు. కాబట్టి ముద్ద చేతికి జిగటగా అంటుకుంటే సంబరపడకండి. చాలాసార్లు అది గొలుసు చితికిన గుర్తు.

తేల్చుకోవడానికి టోలీన్ (రబ్బరును ఉబ్బించే ద్రావకం) పరీక్ష చాలు. అల్ట్రాసౌండ్‌తో శుద్ధి చేసిన పొడి, చేయని పొడి విడివిడిగా సన్నని స్టీలు జాలీ సంచుల్లో కట్టండి. మొదట రోజుకోసారి అసిటోన్ మారుస్తూ మూడు రోజులు నానబెట్టి ఆయిల్ తీసేయాలి. ఈ మెట్టు దాటేస్తే ఆయిల్ కూడా సోల్ లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. 70 డిగ్రీల దగ్గర బరువు స్థిరపడేదాకా ఆరబెట్టి, ఒక్కో దాంట్లో అర గ్రాము ఉండేలా చూసి, 50 మి.లీ. టోలీన్‌లో చీకట్లో 72 గంటలు ఉంచండి. తీశాక అద్దుడు కాగితంతో తుడిచి, అర నిమిషంలోపు మూత సీసాలో వేసి తూచండి. మే నెల ఎండలో మూత తీసి ఉంచితే తూచేలోపే బరువు జారిపోతుంది.

ఉదాహరణకు, శుద్ధి చేయని పొడి 0.50 గ్రాములు ఉబ్బి 1.30 అయి, ఆరాక 0.49 తూగిందనుకోండి. గ్రాముకు 1.65 గ్రాముల టోలీన్ పీల్చింది. శుద్ధి చేసింది 1.62 అయి, ఆరాక 0.42 తూగితే 2.86. ఎక్కువ పీల్చిందంటే వల వదులైనట్టు. కరిగిపోయింది 0.08. అర గ్రాములో మూడో వంతు కరగని కార్బన్ బ్లాక్ అనుకుంటే అసలు రబ్బరు 0.33, అంటే పావు వంతు సోల్ అయింది. ఉబ్బు ఒకే తీరుగా పెరిగిన రెండు నమూనాల్లో సోల్ తక్కువున్నదే మేలు, అందులో తెగినవి ఎక్కువగా వంతెనలే. 1956లో పరిశోధకుడు హోరిక్స్ చెప్పిన లెక్కకు మూలం ఇదే.

టోలీన్ 4 డిగ్రీలకే అంటుకునే ఆవిరినిస్తుంది. దాన్ని అల్ట్రాసోనిక్ బాత్‌లో అస్సలు పోయొద్దు, బాయిలర్ దరిదాపుల్లో పెట్టొద్దు.

సరైన యంత్రంలో చేసిన సరుకు దొరికినా, లారీ ట్రెడ్‌లో కాకుండా ముందు మడ్‌ఫ్లాప్‌లు, మ్యాట్‌ల కాంపౌండ్‌లో నూటికి పది పాళ్లు కలిపి చూడండి. పాత యాక్సిలరేటర్ (రబ్బరు త్వరగా ఉడకడానికి వేసే రసాయనం) ఇంకా లోపలే ఉంటుంది కాబట్టి ప్రెస్‌లో పడగానే ఉడకడం మొదలెడుతుంది, అచ్చు నిండకముందే గట్టిపడుతుంది. యాక్సిలరేటర్ కొంచెం తగ్గించి, ఉడకడాన్ని ఆలస్యం చేసే సీటీపీ అనే రసాయనం నూరు పాళ్ల రబ్బరుకు 0.1 నుంచి 0.2 పాళ్లు వేస్తే ఆ తొందర తగ్గుతుంది.