కాలు ఒక్కసారి కొనేది కాదు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య దీవెనలు. మీ కుర్రాళ్లంతా కలిసి మనవాడి కృత్రిమ కాలి కోసం చందాలు ఎత్తుతున్నారనీ, అప్పుడే మూడు లక్షలు పోగయ్యాయనీ మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే కడుపు నిండిపోయింది. మందుపాతర పేలి మోకాలి పైదాకా కాలు పోయిన జవాన్ని ఊరు ఊరంతా తన బిడ్డ అనుకోవడం చిన్న సంగతి కాదు. కానీ ఆ డబ్బంతా పోసి విదేశీ కాలు తెప్పించి, సభ పెట్టి, పెద్దవాళ్ల చేత ఇప్పిద్దామనుకుంటున్నారట. ఆ ఒక్కటీ ఆపు నాయనా.

నేను మిలటరీ ఆస్పత్రిలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాణ్ణి. కార్గిల్ యుద్ధంలో, 1999లో, గాయపడి వచ్చిన కుర్ర జవాన్లకి ఈ చేతులతోనే కట్లు కట్టాను. రిటైరై వచ్చాక, కాలు పోగొట్టుకున్న ఒక స్నేహితుడికి మేమూ మీలాగే సభ పెట్టి ఖరీదైన కాలు ఇచ్చాం. ఏడాది తిరక్కుండానే అది వదులైపోయింది. బాగు చేయించాలంటే పెద్ద నగరానికి వెళ్లాలి, మా చందా డబ్బు ఆ రోజే అయిపోయింది. మళ్లీ చంకకర్రలే గతి. తర్వాతెప్పుడో వాళ్లింటికి వెళ్తే, అటక మీద పాత డబ్బాల పక్కన ఆ కాలు బూటుతో సహా నిలబడి ఉంది. తప్పు ఆ కాలిది కాదు, మాది. తర్వాత ఏమిటని మేమెవరమూ అడగలేదు.

కోసిన చోట మిగిలిన తొడ ఏడాది, ఏడాదిన్నర దాకా సన్నబడుతూనే ఉంటుంది. అందుకే మొదటి కాలు నడక నేర్చుకోవడానికి మాత్రమే. ఆ తర్వాత కూడా మూడు నుంచి ఐదేళ్లకోసారి మార్చాలి. మనవాడికి ఇరవై ఆరు. డెబ్బై ఏళ్లు బతికితే పది కాళ్లయినా కావాలి. మీ లెక్క అక్కడ మొదలవ్వాలి.

సైనికుడికి కాలు పెట్టించే బాధ్యత ప్రభుత్వానిదే. పూణేలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ 1944 నుంచీ ఆ పనే చేస్తోంది. వాళ్లు ఇచ్చేదానికి మీ డబ్బు ఎందుకు? మీరు చూడాల్సింది కాగితాలు. డిసేబిలిటీ పెన్షనూ, వార్ ఇంజురీ పెన్షనూ ఒకటి కావు, రెండోది చాలా ఎక్కువ. సైనిక ఆపరేషన్‌లో ఉండగా పేలిన మందుపాతర అని రికార్డులో స్పష్టంగా ఉందో లేదో ముందు చూడు. లేకపోతే మాజీ సైనికుల సంక్షేమం చూసే సైనిక్ బోర్డు చుట్టూ నువ్వే తిరగాలి. కుంటుతూ వాణ్ణి తిరగనివ్వకు.

మరి మీ చందా దేనికంటే, ఎవరూ ఇవ్వనివాటికి. పూణేలో వారాల తరబడి వాడి వెంట ఉండే తమ్ముడికి ఇక్కడ కూలి పోతుంది, అది ఇవ్వండి. అక్కడి గది అద్దె, రైలు ఛార్జీలు, ఇంట్లో కమోడ్, మెట్ల పక్కన పట్టుకునే గొట్టం, ఫిజియోథెరపీ. నలభై మంది నెలకి రెండొందలు ఇస్తే ఏడాదికి 96,000. ఒక్కసారి వచ్చే మూడు లక్షలకన్నా పదేళ్లపాటు ఆగకుండా వచ్చే ఆ రెండొందలు మేలు. ఒకడి ఫోన్‌పేలోకి మాత్రం వద్దు. బ్యాంకులో ఇద్దరి సంతకాల ఖాతా తెరవండి, ఒక సంతకం వాడి భార్యది కావాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు సంఘానికి పంపాలంటే విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ఒక్క డాలరూ తీసుకోకు.

ఇంకా మిగిలితే, యూనిఫాం లేకపోవడం వల్ల ఈ సౌకర్యాలేవీ దక్కని వాళ్లని చూడండి. అడవిలో మందుపాతర మీద కాలేసిన కూలివాడికి పూణే లేదు. వాణ్ణి కటకం దగ్గర ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థకి తీసుకెళ్లడానికి దారిఖర్చులు కూడా ఉండవు. అలాంటివాడికి 1968లో తయారైన జైపూర్ పాదం అనే కృత్రిమ పాదం ఉంది, దానితో గొంతుక్కూర్చోవచ్చు, ఉత్తకాళ్లతో పొలం గట్టు మీద నడవొచ్చు. మనలాంటి ఊళ్లకి అది ఎంత గొప్ప వస్తువో చెప్పలేను.

మన ఊరి కొమ్ముబొమ్మల పనివాడు ఆకురాయితో కాస్త రుద్ది, బొటనవేలితో తడిమి, మళ్లీ రుద్దడం చూశావు కదా. కృత్రిమ కాలిలో మిగిలిన తొడ ఇమిడే గిన్నెని సాకెట్ అంటారు, అది చేసేవాడి పనీ అదే. కాసేపు నడిపించి విప్పిస్తాడు, చర్మం ఎక్కడ ఎర్రబడిందో చూస్తాడు. పది నిమిషాల్లో ఆ ఎరుపు పోకపోతే సాకెట్ మళ్లీ సరిచేయాలి. మనవాడికి మొహమాటం ఎక్కువ, నొప్పి ఉన్నా బాగుందంటాడు. వెంట వెళ్లేవాడు ఆ ఎరుపు తన కళ్లతో చూసి, పోయేదాకా కదలకూడదు.

పూణే వెళ్లేముందు ఫైలు తీసుకుని ఆదివారం నా దగ్గరికి రా. వాడు రోజూ వేసుకునే బూట్లు రెండూ సంచీలో పెట్టమని చెప్పు. మడమ ఎత్తు చూసి కాలు నిలబెడతారు. చాలామంది ఒక్క బూటే తెస్తారు.

మీ పెద్దమావయ్య