లీడర్‌షిప్ 11.3 శాతమట! మా అమ్మాయి లా చదవొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పాసైంది. 600కి 561 వచ్చాయి. ఇంటర్‌లో సీఈసీ తీసుకుని తర్వాత లా చదువుతానంటోంది. కానీ తను ఎవరితోనూ మాట్లాడదు. చుట్టాలొస్తే గదిలోకి వెళ్ళిపోతుంది. స్కూల్లో పెట్టిన క్యాంపులో రూ.6,500 కట్టి వేలిముద్రల టెస్టు చేయించాం. 42 పేజీల రిపోర్టు ఇచ్చారు. పాప ఇంట్రోవర్ట్ అని, లీడర్‌షిప్ 11.3 శాతమేనని, లా, మేనేజ్‌మెంట్ పనికిరావని, డిజైన్ అయితే బాగుంటుందని అందులో ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే పదహారు రకాల పర్సనాలిటీ టెస్టు రాయిస్తే ఒకసారి ఒక రకం, నెల తర్వాత ఇంకో రకం వచ్చింది. వీటిలో దేన్ని నమ్మాలి? అన్ని పద్ధతులనూ పోల్చి మంచిదేదో చెబితే అది కూడా చేయిస్తాను. (మెయిల్‌ను కుదించాం)
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: అయ్యా, మీ మెయిల్ మొత్తం చదివాను. రెండు పేజీలుంది. అందులో ఒకటిన్నర పేజీ రిపోర్టు గురించే. అమ్మాయికి లా ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క కూడా లేదు. మీరు అడిగారో లేదో కూడా తెలియడం లేదు.

ఏటా మే, జూన్ వచ్చేసరికి ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఒకసారి గోపాలపట్నం నుంచి, ఒకసారి మధురవాడ నుంచి. శాతాలు మారతాయి, అంతే. అందరూ ఏ టెస్టు మంచిదనే అడుగుతారు. లోపలున్న భయం వేరు. నోరు విప్పని పిల్ల రేపు ఎలా నెగ్గుకొస్తుంది, ఇందులో మా పెంపకం లోపం ఏమైనా ఉందా? నేను దానికే జవాబు చెబుతాను. పోలిక కూడా చెబుతాను, కాస్త ఆగండి.

ముందు ఆ 11.3 సంగతి. వేలి కొనల మీది గీతలు బిడ్డ తల్లి కడుపులో ఉండగానే, ఆరో నెల నిండేలోపే ఏర్పడిపోతాయి. జీవితాంతం అలాగే ఉంటాయి. ఆధార్‌కి, పోలీసులకి అవి పనికొచ్చేది అందుకే. పుట్టకముందే గీసేసిన గీతల్లో పదిహేనేళ్ళ తర్వాతి లీడర్‌షిప్ కనిపిస్తే ఇక బడి ఎందుకు, మీరెందుకు, నేనెందుకు? గీతల చదువు మొత్తం బూటకమని నేననడం లేదు. డౌన్ సిండ్రోమ్ లాంటి కొన్ని పుట్టుక సమస్యల్లో అరచేతి గీతలు వేరుగా ఉంటాయని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. అక్కడి నుంచి ‘లా పనికిరాదు’ దాకా దూకడమే వ్యాపారం. ఈ టెస్టు అమ్మేవాళ్ళు హోవర్డ్ గార్డ్‌నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు పేరు చెబుతారు. తెలివి ఒకటే కాదు, చాలా రకాలని ఆయన 1983లో ప్రతిపాదించిన బహుముఖ ప్రజ్ఞల సిద్ధాంతంలో వేలిముద్రల ఊసే లేదు. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఈ టెస్టుకు శాస్త్రీయ ఆధారం లేదని తేల్చి చెప్పింది. 11 అంటే చాలేది, ఆ పాయింట్ మూడు చూసే మీరు నమ్మి ఉంటారు. దశాంశం పడగానే మనకు అది లెక్కలా కనిపిస్తుంది.

‘కానీ సార్, అచ్చం మా పాపను చూసి రాసినట్టే ఉంది’ అంటారు. నాకు తెలుసు, అందరూ అంటారు. ఆ మధ్య ఒక స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి పిలిస్తే, వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక మడత కాగితం పెట్టాను. ‘మీ బిడ్డ స్వభావం’ అని పైన రాసి ఉంది. ‘కొత్తవాళ్ళ ముందు బిగుసుకుపోయినా, అలవాటైనవాళ్ళతో గలగలా మాట్లాడుతుంది. బయటపడని శక్తి చాలా ఉంది. మనసు పెడితే బాగా చదవగలదు, కానీ ధ్యాస చెదురుతుంది. చిన్న మాటకే నొచ్చుకున్నా పైకి చెప్పదు.’ ముందు వరుసలో ఒకావిడ చదువుతూ కళ్ళు తుడుచుకుంది. తర్వాత పక్కవాళ్ళ కాగితం చూడమన్నాను. అందరిదీ ఒకటే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక నుంచి ఒకాయన మాత్రం ‘అయినా మావాడికి కరెక్టే సార్’ అన్నాడు.

ఇది నా తెలివేమీ కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మందికి పర్సనాలిటీ టెస్టు పెట్టి, ఫలితమని చెప్పి అందరికీ ఒకే వివరణ ఇచ్చాడు. అందులోని వాక్యాలు చాలావరకు ఒక జ్యోతిషం పుస్తకం నుంచి ఎత్తినవే. అది మీకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. మీ 42 పేజీల్లోనూ ఇలాంటి వాక్యాలు ఎన్ని ఉన్నాయో ఒకసారి పెన్నుతో గీతలు పెట్టి చూడండి.

ఇక పదహారు రకాల టెస్టు. ఇన్‌స్టాగ్రామ్ బయోలో నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెట్టుకోవడం ఇప్పుడు పిల్లల్లో ఫ్యాషన్. సరదాకైతే నాకు అభ్యంతరం లేదు. దాన్ని పట్టుకుని గ్రూపు ఎంచుకుంటామంటేనే నాకు అనుమానం. దీని మూలం స్విట్జర్లాండ్ సైకియాట్రిస్టు కార్ల్ యూంగ్ 1921లో రాసిన సిద్ధాంతం. దాన్ని పరీక్షగా మలిచినవాళ్ళు క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్. ఇద్దరూ సైకాలజీ చదివినవాళ్ళు కాదు. అది నేరం కాదనుకోండి, గట్టి పట్టుదల ఉన్న మనుషులు. లోపం వేరేచోట ఉంది. అసెంబ్లీలో పిల్లలందరినీ నిలబెట్టి అయిదడుగుల దగ్గర గీత గీసి, పైనున్నవాళ్ళు ‘పొడుగు’, కిందున్నవాళ్ళు ‘పొట్టి’ అంటే ఎలా ఉంటుంది? ఎక్కువమంది ఆ గీత దగ్గరే ఉంటారు. ఒక అంగుళం తేడాతో ఒకడు ఇటు, ఒకడు అటు. ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ కూడా అంతే. నడుమ ఉన్నవాళ్ళు నిద్ర చాలని రోజు రాస్తే ఇటు, పండగ ముందు రాస్తే అటు పడతారు. మీ అమ్మాయికి నెలలో రకం మారింది కదా, మారింది అమ్మాయి కాదు. ఆ తల్లీకూతుళ్ళు మలిచిన టెస్టు మీద హక్కులున్న సంస్థే దాన్ని ఉద్యోగులను ఎంపిక చేసుకోవడానికి వాడొద్దని చెబుతుంది. మనం మాత్రం పిల్లల భవిష్యత్తుకు వాడేస్తున్నాం!

మరి నమ్మదగ్గ పద్ధతే లేదా అంటే, ఉంది. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే సైకాలజిస్టులు ఇంగ్లిష్ నిఘంటువు ముందేసుకుని మనుషుల్ని వర్ణించే మాటలు ఏరితే దాదాపు 18,000 తేలాయి. మనకూ తక్కువేం లేవు కదా, నిదానస్తుడు, దుడుకు, కలుపుగోలు, ముభావి, పిసినారి. తర్వాత క్యాటెల్ లాంటి సైకాలజిస్టులు అలాంటి మాటల్ని లెక్కలతో గుంపులు కట్టారు. చివరికి అయిదు పెద్ద గుణాల దగ్గర చాలామంది పరిశోధకులు కుదిరారు. కొత్తదనం మీద ఆసక్తి, పని మీద శ్రద్ధ, కలుపుగోలుతనం, సర్దుకుపోయే గుణం, ఆందోళన. ఇందులో రకాలుండవు, పాళ్ళే ఉంటాయి. ఉద్యోగంలో రాణించడానికీ వీటికీ సంబంధమేమిటని బారిక్, మౌంట్ అనే పరిశోధకులు 1991లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, వాళ్ళు చూసిన అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనికొచ్చిన గుణం శ్రద్ధే. కలుపుగోలుతనం కాదు. అది ముఖ్యంగా సేల్స్, మేనేజ్‌మెంట్ లాంటి చోట్ల ఉపయోగపడింది. ఆ శ్రద్ధ కూడా జాతకం చెప్పేయదు, కాస్త మొగ్గు చూపిస్తుంది, అంతే.

సిరా మరకలు చూపించి ఏం కనిపిస్తోందని అడిగే రోర్షాక్ పరీక్ష, బొమ్మ చూపించి కథ రాయమనే టీఏటీ వేరే తరహావి. శిక్షణ ఉన్నవాళ్ళు చేయాలి, అయినా వాటి మీద వాదోపవాదాలు తెగలేదు. విశాఖలో నేవీ వాళ్ళ పిల్లల్ని అడగండి, సైన్యంలో ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ గురించి కథలు కథలుగా చెబుతారు. పన్నెండు బొమ్మలకు కథలు, చివరిది ఖాళీ కాగితం. 60 మాటలు చూపించి, ఒక్కోదాని మీద 15 సెకన్లలో వాక్యం రాయమంటారు. ఇన్ని రాయించాక కూడా ఆ కాగితాలతోనే తేల్చరు. సైకాలజిస్టు ఒకరు, మైదానంలో ఆటలాడించి చూసేవారు ఒకరు, ఇంటర్వ్యూ చేసేవారు ఒకరు. అయిదు రోజుల పాటు చూసి, చివరి రోజు అందరూ కూర్చుని మాట్లాడుకున్నాకే నిర్ణయం. మీ క్యాంపువాళ్ళు పది వేళ్ళు స్కానర్ మీద ఒత్తించి తేల్చేశారు.

మీరడిగిన పోలిక ఇంతే. ఇంకో టెస్టు మాత్రం చేయించకండి. దేని మీద ఆసక్తో తెలియని పిల్లలకు హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు పద్ధతిలో ఆసక్తుల ప్రశ్నావళి కొంత పనికొస్తుంది. మీ అమ్మాయికి ఏం కావాలో తెలుసు. తెలిసిన పిల్లను పట్టుకుని టెస్టుల చుట్టూ తిప్పుతున్నారు.

లా అంటే మీకు సినిమా కోర్టు గుర్తొస్తోంది. బల్ల గుద్ది అరిచే లాయరు. ఆ పనిలో చాలా భాగం చదవడం, రాయడం. దస్తావేజు రాయడం, నోటీసు రాయడం, ఒప్పందంలో ఒక్క మాట తేడా పట్టుకోవడం. కోర్టుకు వెళ్ళేవాళ్ళు కూడా ముందు రాత్రి ఫైలు ఎంత శ్రద్ధగా చదివారన్న దాని మీదే నిలబడతారు. రెండేళ్ళ కిందట ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. నేను అబ్బాయిని పదకొండు ప్రశ్నలడిగితే తొమ్మిదింటికి వాళ్ళ నాన్నే జవాబు చెప్పాడు. ఆయన్ని టీ తాగిరమ్మని పంపించి, ఈ మధ్య నీకు బాగా కోపం తెప్పించింది ఏమిట్రా అని అడిగాను. కాసేపాగి, అపార్ట్‌మెంట్ పార్కింగ్ గొడవ మొదలెట్టాడు. అసోసియేషన్ బైలాస్ మొత్తం చదివాడట. ఏ నిబంధన ఏం చెబుతోందో, సెక్రటరీ ఎక్కడ తప్పాడో వరసపెట్టి చెప్పాడు. ఇరవై నిమిషాలు. తండ్రి తలుపు తీయగానే గప్‌చుప్.

మీ ఇంట్లో కూడా ఒకసారి లెక్కపెట్టండి, పాప తరఫున ఎన్ని జవాబులు మీరే చెబుతున్నారో. చుట్టాల ముందు ‘మా అమ్మాయి ఇంట్రోవర్ట్ అండీ, రిపోర్టులో కూడా వచ్చింది’ అంటున్నానని మీరే రాశారు. వాళ్ళ నానమ్మ ‘ఈ గుంటకి నోట్లో నాలుకే లేదు’ అంటుందనీ రాశారు. ఆవిడ రేపటికి మర్చిపోతుంది. మీది మాత్రం అచ్చేసిన ముద్ర. ఆ ఫైలును ఇంటి పట్టా కాగితాల పక్కన బీరువాలో దాచానని చదివినప్పుడు నాకు కోపం కూడా వచ్చింది, క్షమించండి. పదిహేనేళ్ళ పిల్ల స్వభావం రిజిస్ట్రేషన్ అయిపోయిన స్థలం కాదు. ఇరవైలు, ముప్పైల్లోకి వచ్చేసరికి చాలామందిలో శ్రద్ధ పెరుగుతుంది, ఆందోళన తగ్గుతుంది.

ఒక్క తేడా గమనించండి. ఒంటరిగా ఉండటం ఇష్టం వేరు, మనుషులంటే భయం వేరు. బడికి వెళ్ళాలంటే వణుకు, క్లాసులో లేచి నిలబడాల్సి వస్తుందంటే గుండెదడ, నలుగురిలో తిండి కూడా తినలేకపోవడం లాంటివి ఉంటే అది స్వభావం కాదు, వైద్యం ఉన్న ఇబ్బంది. సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో చూపించండి. చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరెత్తగానే నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. మీ మెయిల్‌లో అలాంటివేమీ కనిపించలేదు. స్నేహితురాలితో గంటలు గంటలు ఫోన్లో మాట్లాడుతుందని మీరే విసుక్కున్నారు కదా.

గ్రూపు గురించి టెన్షన్ వద్దు. ఇంటర్ ఏ గ్రూపైనా అయిదేళ్ళ లా చదవొచ్చు. సీఈసీ ఇష్టమైతే అదే ఇవ్వండి. నేషనల్ లా యూనివర్సిటీ మీకు సబ్బవరంలోనే ఉంది. ఒక ఆదివారం విశాఖలో ఎవరైనా లాయరు గారి ఆఫీసులో రెండు గంటలు కూర్చోబెట్టండి, మీరు బయట ఉండండి. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చేర్చి ‘మార్చేద్దాం’ అన్నారు, అది మానుకోండి. అన్నట్టు, పేజీ చివర నా ఫోన్ నంబరుంది. మీరు ఫోన్ చేయకుండా రెండు పేజీల మెయిల్ రాశారు. పాప ఎవరి పోలికో నాకు అర్థమైంది. మీ బతుకు బాగానే గడిచింది కదా.

చివరిగా ఒక పని. ఆ క్యాంపువాళ్ళ దగ్గర మీ పాప పది వేలిముద్రలూ ఉన్నాయి. పాస్‌వర్డ్ అయితే మార్చుకోవచ్చు, వేళ్ళు మార్చుకోలేం. వాటిని తొలగించి, తొలగించామని రాతపూర్వకంగా చెప్పమని వాళ్ళకు ఉత్తరం పంపండి. ఆ ఉత్తరం మీరు రాయకండి, అమ్మాయితో రాయించండి. తేదీ, కట్టిన డబ్బు, రసీదు నంబరు, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో అన్నీ తనే చూసుకుంటుంది. మీరు కింద సంతకం పెట్టండి చాలు.