గెలాక్సీ రాయి కింద నిప్పు ఉందా?

(పాఠకుల ప్రశ్నలకు ఒంగోలు నుంచి విశ్రాంత భూవిజ్ఞాన అధ్యాపకుడి జవాబులు)

ప్రశ్న: 2024 డిసెంబరులో మా ఊళ్ళో వరుసగా కొన్ని రోజులు భూమి కదిలింది. అలమరలో గిన్నెలు గలగలమన్నాయి, కింద నుంచి ఉరుము లాంటి చప్పుడు వచ్చింది. అగ్నిపర్వతం బద్దలయ్యే ముందు ఇలాగే చిన్న చిన్న ప్రకంపనలు వస్తాయని మా అబ్బాయి ఫోనులో చూపించాడు. చీమకుర్తిలో తవ్వి తీసే నల్లటి గెలాక్సీ రాయి కూడా ఒకప్పుడు కరిగి ఉన్నదేనట. మా కింద ఏమైనా ఉందా?
- ఒక గృహిణి, ముండ్లమూరు మండలం

జవాబు: లేదమ్మా, మీ కింద అగ్నిపర్వతం లేదు. అయినా మీ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గెలాక్సీ రాయి కరిగిన శిలాద్రవం నుంచి పుట్టిందే. 100 కోట్ల ఏళ్ళకు ముందే అది పైకి రాకుండా లోతులోనే ఆగిపోయి, నిదానంగా చల్లారి గట్టిపడింది. నిదానంగా చల్లారింది కాబట్టే దాని స్ఫటికాలు కంటికి కనబడేంత పెద్దవి. నల్లటి పలకలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. పైనున్న రాతి పొరలు యుగాలపాటు అరిగిపోయి అది బయటపడింది. ఆ వేడి ఎప్పుడో పోయింది.

మీ గిన్నెలను కదిపింది వేరు. మన దేశాన్ని మోస్తున్న పెద్ద రాతి పలక, అంటే భారత ఫలకం, ఉత్తరాన ఆసియాను నెడుతూనే ఉంది. ఆ ఒత్తిడి మన జిల్లా రాళ్ళలోని పురాతన పగుళ్ళ దాకా వస్తుంది, ఎక్కడో ఒకటి కొద్దిగా జారుతుంది. తక్కువ లోతులో జారితే చప్పుడు కూడా వినిపిస్తుంది. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. అప్పుడూ అగ్నిపర్వతం ఊసే లేదు.

అగ్నిపర్వతం కింద జరిగేది ఇంకో తీరు. శిలాద్రవం పైకి రావడానికి రాతిని చీల్చుకుంటుంది. అప్పుడు ప్రకంపనలను నమోదు చేసే పరికరమైన భూకంప లేఖినిపై పదునైన చిన్న గీతలు పడతాయి. మామూలు భూకంపాల్లో పెద్దది ఒకటి వచ్చి, ఆ తర్వాతివి తగ్గుముఖం పడతాయి. అగ్నిపర్వతం కింద మాత్రం పెద్దది ఏదో తెలియకుండా గుంపులు గుంపులుగా వస్తాయి. ఆ తర్వాత ద్రవమూ వాయువులూ పగుళ్ళలో కదిలినప్పుడు గీతలు మెల్లగా, మొద్దుగా ఊగుతాయి. చివరికి విరామం లేని కంపనం మొదలై గంటలు, రోజుల తరబడి సాగవచ్చు. విస్ఫోటనం జరుగుతున్నంతసేపూ అది ఉంటుంది. కొండను మేఘాలు కప్పేసినా లోపల ఎంత ఉధృతి ఉందో ఆ గీతే చెబుతుంది.

2009లో అలాస్కాలోని రిడౌట్ పర్వతం సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పేలుళ్ళకు ముందు చిన్న ప్రకంపనలు అంతకంతకూ దగ్గరపడి, సెకనుకు 30 దాకా చేరాయి. గట్టిమేళంలో డోలు దెబ్బలు విడివిడిగా వినిపించనట్టే అవన్నీ కలిసి ఒకే మోత అయ్యాయి. తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. నిమిషం లోపే పేలుడు.

ఈ గీతలు చదవడం వేల ప్రాణాలు కాపాడింది. ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం 1991 ఏప్రిల్ 2న ఆవిరి కక్కింది. శిఖరానికి వాయవ్యంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో వస్తున్న ప్రకంపనలు జూన్ మొదట్లో సరిగ్గా శిఖరం కిందికి జరిగాయి. జనాన్ని దూరదూరంగా తరలించారు. జూన్ 15న కొండ బద్దలైంది.

అన్నిసార్లూ అంత వ్యవధి దొరకదు. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లోని ఒంటాకే పర్వతంపై కంపనం మొదలైన 11 నిమిషాలకే విస్ఫోటనం జరిగింది. మధ్యాహ్న భోజనం వేళ శిఖరం మీద ఉన్న పర్వతారోహకుల్లో 63 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఇది తలచుకుంటే ఇప్పటికీ మనసు కలచివేస్తుంది. మరోవైపు ఇటలీలో అగ్నిపర్వత ప్రాంతంలో ఉన్న పొజువోలీ పట్టణంలో 1982-84 మధ్య వేల ప్రకంపనలు వచ్చాయి, నేల సుమారు 1.8 మీటర్లు పైకి లేచింది, విస్ఫోటనం మాత్రం రాలేదు. అందుకే శాస్త్రవేత్తలు ప్రకంపనలతోపాటు నేల ఉబ్బడాన్నీ, వెలువడే వాయువులనూ కలిపి చూస్తారు. మీ దగ్గర అలాంటివి ఏవీ లేవు. ఇల్లు రాయీ మట్టితో కట్టిన పాతదైతే గోడల బీటలు పూడ్పించండి, మంచం తలాపున అటక మీద బరువులు ఉంచకండి. మీ ఊరికి అసలు ప్రమాదం గోడల నుంచే.

ప్రశ్న: 2004 సునామీ అండమాన్ అగ్నిపర్వతం వల్ల వచ్చిందా?
- డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: కాదు. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో మనుషులు లేని బారెన్ ద్వీపంలో అగ్నిపర్వతం ఉంది. 150 ఏళ్ళకు పైగా ఊరుకుని 1991లో మళ్ళీ రగిలింది. కానీ 2004 డిసెంబరు 26న మన తీరాన్ని ముంచిన అలలు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో వచ్చిన భూకంపం వల్ల పుట్టాయి. 2007 నుంచి హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. అయినా తీరంలో ఉన్నప్పుడు నేల చాలాసేపు బలంగా ఊగితే హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా మెట్ట వైపు నడవండి.