జ్వరమే రాలేదు, మరి రక్తపరీక్షలో కరోనా యాంటీబాడీలు ఎక్కడివి?

చాలామందికి కరోనా ఏ లక్షణమూ లేకుండానే వచ్చి పోయింది. అయినా శరీరం వైరస్‌ను గుర్తుపట్టి, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడే ప్రోటీన్లు) తయారుచేసుకుంటుంది. ఐసీఎంఆర్ 2021 జూన్, జులైలో చేసిన నాలుగో సీరో సర్వేలో (రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయా అని చూసే సర్వేలో) 67.6 శాతం మందిలో అవి కనిపించాయి. మధ్యప్రదేశ్‌లో 79 శాతమైతే కేరళలో 44.4 శాతమే! అంటే అక్కడ వైరస్ ఇంకా సోకనివాళ్లు ఎక్కువమంది మిగిలారు.

మీరు టీకా వేసుకున్నారా? అయితే యాంటీబాడీ పరీక్ష రిపోర్టులో ఏ యాంటీబాడీ అని రాశారో చూడండి. కోవిషీల్డ్‌తో వచ్చేవి స్పైక్ (వైరస్ పైనుండే ముళ్లలాంటి ప్రోటీన్) యాంటీబాడీలే. న్యూక్లియోక్యాప్సిడ్ (వైరస్ లోపలుండే ప్రోటీన్) యాంటీబాడీలు కూడా ఉంటే మీకు వైరస్ సోకి ఉంటుంది. కొవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది కాబట్టి దానితో రెండు రకాలూ రావచ్చు.

రేపెప్పుడైనా నెగెటివ్ వచ్చినా టెన్షన్ పడొద్దు. యాంటీబాడీలు నెలల్లో తగ్గిపోతాయి, కానీ వైరస్‌ను గుర్తుపెట్టుకునే బీ, టీ అనే రోగనిరోధక కణాలు మిగులుతాయి. ఈ పరీక్ష వాటిని చూడదు.